కొయోటీ వేటకు బ్యారెల్, తూటా: ముందు బుల్లెట్ తేల్చుకోండి

కొయోటీ (అమెరికాలో ఉండే, తోడేలు లాంటి అడవి జంతువు) వేటకు రైఫిల్ కొనాలనుకునేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: ".223 మంచిదా, .22-250 మంచిదా?" ఇవి రెండు రకాల తూటాల పేర్లు. షాపులో మాటలు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, మీరు కాల్చబోయే చోట కొయోటీ ఎంత దూరంలో కనబడుతుంది, అక్కడ గాలి ఎలా వీస్తుంది. రెండోది, ఆ దూరానికీ ఆ గాలికీ ఎలాంటి బుల్లెట్ సరిపోతుంది. ఈ రెండూ తేలితే బ్యారెల్ ఎలాంటిది కావాలో దానంతటదే తేలిపోతుంది. చాలామంది ముందు రైఫిల్ కొనేసి, తర్వాత ఏ తూటాలు దొరికితే అవి తెచ్చి కాలుస్తారు. గురి కుదరకపోతే తప్పు స్కోపు (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి) మీద వేస్తారు.

ఇక్కడ తూటా అంటే ఇత్తడి గొట్టం, మందు, ప్రైమర్, బుల్లెట్ అన్నీ కలిసినది. బుల్లెట్ అంటే బ్యారెల్‌లోంచి బయటికి దూసుకెళ్లే ముక్క మాత్రమే. దాని బరువు గ్రెయిన్లలో చెబుతారు. 55 గ్రెయిన్లంటే సుమారు మూడున్నర గ్రాములు.

ఇదంతా అమెరికా సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఆంధ్రాలో, తెలంగాణలో ఈ సలహాకు చోటు లేదు. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో నాలుగైదు ఎకరాలు కొనుక్కుని మేకలూ కోళ్లూ పెట్టుకున్న మనవాళ్లకు మాత్రం ఇది రోజువారీ సమస్య. రాత్రికి రాత్రి మేకపిల్లను ఎత్తుకుపోయే జంతువు కొయోటీయే. నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది.

తుపాకీ ముట్టుకునే ముందు

హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వాటిలో ఒకటి. లైసెన్సు గడువు దాటిపోయిందంటే మినహాయింపు కూడా పోయినట్టే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. వీసా మీద ఉన్నవాళ్లు స్నేహితుడి తుపాకీ సరదాగా పట్టుకునే ముందు కూడా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. ఇక్కడ పొరపాటు జరిగితే జరిమానాతో పోదు, ఈ దేశంలో ఉండడానికే ఎసరొస్తుంది.

రాష్ట్రాల నియమాలు వేరువేరు. టెక్సాస్‌లో కొయోటీకి వేట సీజన్ అంటూ లేదు, ఏడాది పొడవునా వేటాడొచ్చు. కానీ పశువుల మీద పడుతున్న సందర్భాల్లో తప్ప లైసెన్సు ఉండాల్సిందే. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వన్యప్రాణి వేటకైనా సీసం ఉన్న బుల్లెట్లు వాడకూడదు. ఈ ఒక్క నిబంధన బ్యారెల్ ఎంపికనే మార్చేస్తుంది, ఎలాగో కిందికి వెళ్లాక చెబుతాను. ఇంకో ముఖ్యమైన సంగతి: అరిజోనా, న్యూ మెక్సికోల్లో 1998 నుంచి మెక్సికన్ తోడేళ్లను మళ్లీ అడవుల్లోకి వదులుతున్నారు. నార్త్ కరోలినా తూర్పు కొసన ఎర్ర తోడేళ్లు ఉన్నాయి. రెండూ అంతరించిపోతున్న జాతులు, రెండూ దూరం నుంచి కొయోటీలాగే కనిపిస్తాయి. అది కొయోటీయేనని తేల్చుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. పక్కింటి కుక్క విషయంలో కూడా అంతే.

ఎంత గురి ఉంటే సరిపోతుంది?

కొయోటీ బరువు ప్రాంతాన్ని బట్టి సుమారు 9 నుంచి 20 కిలోలు. చలికాలంలో బొచ్చు దట్టంగా పెరిగి పెద్ద జంతువులా కనిపిస్తుంది గానీ, ఆ బొచ్చు కింద ఒళ్లు సన్నం. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటును వేటగాళ్లు నాలుగు అంగుళాల వృత్తంగా లెక్కేసుకుంటారు. మన వైపు తిరిగి నిలబడితే ఆ నాలుగు అంగుళాలు కూడా ఉండవు. దానికి బయట తగిలితే జంతువు పొదల్లోకి పారిపోయి గంటల తరబడి నరకం అనుభవించి చస్తుంది. కచ్చితత్వం గురించి నేను ఇంత పట్టుబట్టేది ఇందుకే. మేకను కాపాడుకునే హక్కు మనకుంది, ఇంకో జంతువును అలా చిత్రవధ చేసే హక్కు లేదు.

రైఫిల్ గురిని ఎంఓఏ అనే కొలతలో చెబుతారు. 1 ఎంఓఏ రైఫిల్ అంటే వంద గజాల దగ్గర కాల్చిన గుళ్లన్నీ ఒక అంగుళం కంటే కాస్త ఎక్కువ వెడల్పులో పడతాయి. రెండు వందల గజాలకు అది రెండు అంగుళాల పైచిలుకు, మూడు వందలకు మూడు పైచిలుకు. ఈ లెక్కన ఒకటిన్నర ఎంఓఏ రైఫిల్ రెండు వందల గజాల దాకా నిశ్చింతగా సరిపోతుంది, మూడు వందలకు సరిపోదు. మూడు వందల గజాల్లో నాలుగు అంగుళాల గుర్తు కొట్టాలంటే రైఫిల్, తూటా జోడీ కనీసం 1 ఎంఓఏ దగ్గర ఉండాలి. అదీ బెంచీ మీద ఇసుక సంచులు పెట్టుకుని కాల్చినప్పటి మాట. చలికి వణుకుతూ చెట్టు మొదట్లో కూర్చుని, కర్రల ఊతం మీద కాల్చేటప్పుడు మన చేతి వణుకు ఇంకో ఎంఓఏ కలుపుతుంది.

అర ఎంఓఏ రైఫిల్ కోసం రెట్టింపు డబ్బు పెట్టాలా అని అడిగేవాళ్లకు నా సమాధానం ఇదే: రెండు వందల గజాల లోపు కాల్చేవాళ్లకు ఆ డబ్బు తూటాలకూ ప్రాక్టీసుకూ పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

అసలు కిటుకంతా ట్విస్ట్‌లో ఉంది

బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్లే బుల్లెట్ గిరగిరా తిరుగుతూ వెళుతుంది. బొంగరం జోరుగా తిరిగినంతసేపే నిలబడ్డట్టు, బుల్లెట్ కూడా తగినంత తిరిగితేనే ముక్కు ముందుకు పెట్టుకుని వెళ్తుంది. ట్విస్ట్ 1:8 అంటే ఎనిమిది అంగుళాలు ముందుకెళ్లేసరికి ఒక పూర్తి చుట్టు. 1:12 అంటే పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు. రెండో అంకె తగ్గేకొద్దీ తిరుగుడు పెరుగుతుంది.

ఎంత తిరుగుడు కావాలన్నది బుల్లెట్ బరువు కంటే దాని పొడవు మీద ఎక్కువ ఆధారపడుతుంది. పెట్టె మీద బరువు మాత్రమే రాసి ఉంటుంది కాబట్టి ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 1879లో బ్రిటిష్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చేత్తో లెక్క వేసుకోవడానికి పనికొస్తుంది: బుల్లెట్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వర్గం చేయండి, 150తో గుణించండి, వచ్చినదాన్ని పొడవుతో భాగించండి. సెకనుకు 2,800 అడుగులు దాటే వేగాలకు 150 బదులు 180 వాడతారు.

.223, .22-250 రెండింటిలోనూ బుల్లెట్ వ్యాసం 0.224 అంగుళాలే. దాని వర్గాన్ని 180తో గుణిస్తే సుమారు 9. ముప్పావు అంగుళం పొడవున్న బుల్లెట్‌కు తొమ్మిదిని 0.75తో భాగిస్తే 12. అంటే 1:12 బ్యారెల్ సరిపోతుంది. 55 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ (కొన దగ్గర సీసం బయటికి కనబడే) బుల్లెట్లు ఇంచుమించు ఈ పొడవులోనే ఉంటాయి. అదే ఒక అంగుళం పొడవున్న బుల్లెట్‌కు 1:9 కావాలి. 75, 77 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్లు (గురి పోటీల కోసం చేసినవి) ఈ తరగతివి. లెక్కకు 1:9 వచ్చినా వీటికి 1:8 తీసుకోవడమే మంచిది. చలికాలంలో గాలి చిక్కబడి బుల్లెట్ స్థిరత్వం తగ్గుతుంది, కొయోటీ వేట ఎక్కువగా జరిగేదే చలికాలంలో. ప్లాస్టిక్ కొన ఉన్న బుల్లెట్ల దగ్గర గ్రీన్‌హిల్ లెక్క కాస్త కఠినంగా చెబుతుంది, ఎందుకంటే ఆ కొన వల్ల పొడవు పెరుగుతుంది గానీ బరువు పెద్దగా పెరగదు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే మిల్లర్ సూత్రం వాడండి. అందులో స్థిరత్వం అంకె 1.5 వస్తే నిశ్చింత, 1 కంటే తగ్గితే ఆ జోడీ పనికిరాదు.

తిరుగుడు చాలని బుల్లెట్‌ను కాగితం లక్ష్యమే పట్టిస్తుంది. గుండ్రటి చిల్లు బదులు పొడుగాటి చీలిక కనబడితే బుల్లెట్ అడ్డంగా తగిలిందన్నమాట. ఆ తూటా మీ బ్యారెల్‌కు సరిపడదు. స్కోపు ఎంత తిప్పినా లాభం లేదు.

కాలిఫోర్నియా సంగతి ఇక్కడే ముడిపడుతుంది. రాగి సీసం కంటే తేలిక. కాబట్టి అదే బరువున్న రాగి బుల్లెట్ సీసం బుల్లెట్ కంటే పొడవుగా ఉంటుంది. సీసం 55 గ్రెయిన్లను హాయిగా కాల్చే 1:12 బ్యారెల్, అదే బరువున్న రాగి బుల్లెట్‌ను నిలబెట్టలేకపోవచ్చు. సీసం లేకుండా కాల్చాల్సినవాళ్లు 1:8 తీసుకోవాలి, లేదా బార్న్స్ వాళ్ల 36 గ్రెయిన్ల వార్మింట్ గ్రెనేడ్ లాంటి తేలిక బుల్లెట్‌కు దిగాలి.

మరి 1:7, 1:8 తీసుకుంటే అన్నింటికీ సరిపోతుంది కదా అనిపిస్తుంది. చాలావరకు నిజమే, ఒక్క చోట తప్ప. బుల్లెట్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలియాలంటే సెకనుకు అడుగుల్లో వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్ అంకెతో భాగించాలి. .22-250లో 3,700 అడుగుల వేగంతో 1:14 బ్యారెల్ నుంచి బయటికొచ్చే బుల్లెట్ నిమిషానికి సుమారు 1,90,000 చుట్లు తిరుగుతుంది. అదే వేగానికి 1:8 అయితే 3,33,000. పల్చటి తొడుగున్న తేలిక బుల్లెట్లు ఆ తిరుగుడుకు తట్టుకోలేక లక్ష్యం చేరకముందే గాల్లో చెదిరిపోవచ్చు. కాగితం మీద చిల్లే పడదు. వేగం తక్కువున్న .223లో ఈ బెడద తక్కువ, అందుకే దానికి 1:8 నిశ్చింతగా తీసుకోవచ్చు.

ట్విస్ట్ ఎంతో బ్యారెల్ మీద చెక్కి ఉంటుంది, లేకపోతే తయారీదారుల వివరాల్లో దొరుకుతుంది. పాత రైఫిల్ కొంటే మాత్రం మీరే కొలవండి. ముందు తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసుకుని బోల్ట్ తీసేయండి. పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ తీసుకుని, కొనకు గుడ్డ ముక్క బిగుతుగా పెట్టి లోపలికి కొంచెం నెట్టండి. రాడ్ మీద పైవైపున మార్కర్‌తో చుక్క పెట్టి, బ్యారెల్ అంచు దగ్గర రాడ్ మీద టేపు ముక్క అంటించండి. ఇప్పుడు నెమ్మదిగా నెడుతుంటే గాడుల్ని పట్టుకుని రాడ్ తిరుగుతుంది. చుక్క ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేసరికి టేపు ఎన్ని అంగుళాలు జరిగిందో అదే మీ ట్విస్ట్. రెండు మూడుసార్లు కొలిచి చూడండి, గుడ్డ జారితే అంకె తప్పు వస్తుంది.

నాలుగు తూటాలు

.223 రెమింగ్టన్ 1964లో వచ్చింది. సైన్యం వాడే 5.56 తూటాకు దగ్గరి చుట్టం కాబట్టి తూటాలు ఏ షాపులోనైనా దొరుకుతాయి, నాలుగింటిలో చవకైనవీ ఇవే. 55 గ్రెయిన్ల బుల్లెట్ 3,240 అడుగుల వేగంతో వెళుతుంది. రెండు వందల గజాలకు జీరో చేస్తే (అంటే ఆ దూరంలో గుండు సరిగ్గా గురి చూసిన చోటే పడేలా స్కోపు సర్దితే) వందకు ఒకటిన్నర అంగుళం పైన, మూడు వందలకు సుమారు ఏడు అంగుళాలు కింద పడుతుంది. తన్నుడు ఎంత తక్కువంటే, బుల్లెట్ తగిలింది లేనిదీ స్కోపులోంచే చూడొచ్చు. తూటాకు ఎక్కువ ఖర్చు లేనప్పుడు ప్రాక్టీసు ఎక్కువ చేస్తాం. నా దృష్టిలో .223కి ఉన్న అతిపెద్ద బలం అదే.

.22-250ని రెమింగ్టన్ 1965లో ఫ్యాక్టరీ తూటాగా తెచ్చింది. అదే 55 గ్రెయిన్ల బుల్లెట్‌ను 3,680 అడుగులతో పంపుతుంది. దూరం సరిగ్గా అంచనా వేయలేకపోయినా గుండు పెద్దగా కిందికి జారదు. దీనికి మూల్యం బ్యారెల్ కడుతుంది: ఎక్కువ మందు మండి థ్రోట్ (బ్యారెల్‌లో గాడులు మొదలయ్యే చోటు) త్వరగా అరుగుతుంది, వరసగా కాలిస్తే బ్యారెల్ తొందరగా వేడెక్కుతుంది. పాత .22-250ల్లో ఎక్కువ భాగం 1:14 ట్విస్ట్‌వి. అవి 55 గ్రెయిన్ల దాకానే మంచివి, ఆపైన పొడవైన బుల్లెట్లకు పనికిరావు.

.204 రూగర్ 2004లో వచ్చింది. 32 గ్రెయిన్లతో 4,225, 40 గ్రెయిన్లతో 3,900 అడుగులు. మామూలుగా 1:12 బ్యారెల్. తోలు అమ్ముకునేవాళ్లకు ఇది బాగా ఇష్టం. చిన్న బుల్లెట్ లోపలికెళ్లి అక్కడే చెదిరిపోతుంది, అవతలివైపు చిల్లు చాలాసార్లు ఉండదు.

.243 విన్‌చెస్టర్ 1955 నాటిది. దీనితో జింకల వేటకూ వెళ్లొచ్చు, ఒకే రైఫిల్‌తో రెండు పనులు కావాలంటే ఇదే సరైనది. తోలు దక్కించుకోవాలనుకుంటే మాత్రం ఇది పెద్ద చిల్లులు చేస్తుంది.

.17 హెచ్‌ఎంఆర్ వంద గజాల లోపు కూడా కొయోటీకి చాలీచాలని తూటా, దాన్ని కుందేళ్లకు వదిలేయండి. .22 ఎల్‌ఆర్ అసలు వద్దు. ఏఆర్-15 (సెమీ ఆటోమేటిక్ రైఫిల్) వాడేవాళ్లకు 2020లో 6 ఎంఎం ఏఆర్‌సీ, 2024లో .22 ఏఆర్‌సీ వచ్చాయి. రెండూ మంచివే, కానీ మీ ఊరి షాపులో తూటాలు ఎప్పుడూ దొరుకుతాయో లేదో ముందు కనుక్కోండి.

గాలి దగ్గర తేలే తేడా

పైన చెప్పిన వేగాలు చూస్తే .22-250 ముందు .223 తేలిపోయినట్టు కనిపిస్తుంది. గంటకు పది మైళ్ల పక్కగాలి వీస్తుంటే మూడు వందల గజాల్లో బుల్లెట్ ఎంత పక్కకు పోతుందో లెక్కేస్తే కథ వేరేగా ఉంటుంది. .223లో 55 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ (హార్నడీ కంపెనీ వేట బుల్లెట్) సుమారు 11 అంగుళాలు జరుగుతుంది. .22-250 అదే బరువుతో 9. .204 రూగర్ 40 గ్రెయిన్లతో 8 కంటే కొంచెం తక్కువ. .243లో 58 గ్రెయిన్లు 9, కానీ 87 గ్రెయిన్ల వీ-మ్యాక్స్‌తో 7 లోపే.

ఇప్పుడు .223కే తిరిగి రండి. 1:8 బ్యారెల్‌లో 73 గ్రెయిన్ల సన్నటి మ్యాచ్ బుల్లెట్ 2,790 అడుగుల వేగంతోనే బయల్దేరుతుంది, పక్కకు జరిగేది మాత్రం 8 అంగుళాలే. దానికంటే తొమ్మిది వందల అడుగులు వేగంగా బయల్దేరిన .22-250 కంటే తక్కువన్నమాట! గాలిని చీల్చే ఆకారం వేగం కంటే ఎక్కువ పని చేసింది. ఆ బుల్లెట్‌ను వాడుకునే వీలు కల్పించింది ట్విస్టే. 1:12 .223 ఉన్నవాళ్లకు ఈ దారి మూసుకుపోయినట్టే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మ్యాచ్ బుల్లెట్లు కాగితం మీద గురి కోసం చేసినవి. తగిలాక విచ్చుకుంటాయన్న గ్యారంటీ లేదు, ఒక్కోసారి సన్నటి చిల్లు చేసుకుని అవతలికి పోతాయి. గాలి గట్టిగా వీచే మైదానాల్లో దూరం కాల్చాలనుకునేవాళ్లకు నేను .243లో 87 గ్రెయిన్ల వీ-మ్యాక్స్‌నే ముందు చెబుతాను. అది గాలినీ తట్టుకుంటుంది, తగిలాక విచ్చుకుంటుంది కూడా.

కొయోటీకి కావలసిన బుల్లెట్ తగిలిన వెంటనే విచ్చుకునేది. హార్నడీ వీ-మ్యాక్స్, నాస్లర్ బాలిస్టిక్ టిప్ వార్మింట్, సియర్రా బ్లిట్జ్‌కింగ్ మూడూ ఆ కోవలోవే. మూడింటికీ ప్లాస్టిక్ కొన, పల్చటి తొడుగు ఉంటాయి. వీటిలో ఏది గొప్పదన్న వాదనలో పస లేదు, మీ బ్యారెల్‌లో ఏది బాగా కాలితే అదే గొప్పది. చవకగా దొరుకుతాయని ఫుల్ మెటల్ జాకెట్ (బుల్లెట్ కొనతో సహా గట్టి లోహపు తొడుగున్న) తూటాలు మాత్రం కొనకండి. అవి విచ్చుకోవు. తగిలిన కొయోటీ పరుగెత్తిపోతుంది, బుల్లెట్ అవతల ఏ పశువు మీదికో పోతుంది.

బ్యారెల్ బరువు, పొడవు

షాపులో లావాటి వార్మింట్ బ్యారెల్ చూస్తే ముచ్చటేస్తుంది. లావు బ్యారెల్ నెమ్మదిగా వేడెక్కుతుంది, పది ఇరవై గుళ్లు వరసగా కాల్చినా గురి జరగదు. గంటల తరబడి ప్రెయిరీ డాగ్‌లను (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువుల్ని) కాల్చేవాళ్లకు అది అవసరమే. కొయోటీ వేటలో ఒక చోట కూర్చుని, శబ్దం చేసి జంతువును దగ్గరికి పిలిస్తే కాల్చేది ఒకటో రెండో గుళ్లు. తర్వాత రైఫిల్ భుజాన వేసుకుని ఇంకో చోటికి నడవాలి. నడిచి వేటాడేవాళ్లు మధ్యస్థం బరువున్న బ్యారెల్ తీసుకోవాలి. ఒకే చోట, పొలం గట్టున బల్ల వేసుకుని కాసేవాళ్లు లావుది తీసుకోవచ్చు. కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ తేలిగ్గా, గట్టిగా ఉంటుంది గానీ దాని ధరకు తగ్గ లాభం రెండు వందల గజాల వేటలో నాకు కనిపించదు.

పొడవు తగ్గితే గురి తగ్గుతుందన్నది అపోహ. కురచ బ్యారెల్ నిజానికి ఇంకా గట్టిగా ఉంటుంది. తగ్గేది వేగమే, .223లో అంగుళానికి సుమారు పాతిక అడుగులు. 24 అంగుళాల నుంచి 20కి దిగితే వంద అడుగులు పోతాయి, కొయోటీకి ఆ తేడా తెలియదు. .22-250లో మందు ఎక్కువ కాబట్టి నష్టం కూడా ఎక్కువ, దానికి 24 అంగుళాలు ఉంచుకోవడమే మేలు. సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) బిగించాలనుకుంటే పొడవు ఇంకా పెరుగుతుంది కాబట్టి 18 నుంచి 20 అంగుళాల థ్రెడెడ్ (కొనకు మరలున్న) బ్యారెల్ తీసుకోండి. సప్రెసర్‌కు ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) అనుమతి ఉండాలి, కొన్ని రాష్ట్రాల్లో అసలు నిషేధం. బిగించాక గురి పడే చోటు మారుతుంది, జీరో మళ్లీ చేసుకోవాలి. 16 అంగుళాల కంటే కురచ రైఫిల్ బ్యారెల్‌కు వేరే ఫెడరల్ నిబంధనలు ఉన్నాయి, అటు వెళ్లకండి.

ఏఆర్-15 కొనేవాళ్లు బ్యారెల్ మీద ఏ ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) అని రాసుందో చదవాలి. .223 అని మాత్రమే ఉంటే 5.56 నాటో తూటాలు అందులో కాల్చకూడదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. 5.56 ఛాంబర్‌లో రెండూ కాల్చొచ్చు. .223 వైల్డ్ అనే ఛాంబర్‌లోనూ రెండూ కాల్చొచ్చు, గురి కూడా బాగుంటుంది. వేటకు నేను చెప్పేది వైల్డ్.

ఎవరికి ఏది

టెక్సాస్ దక్షిణాన మెస్కీట్ పొదల మధ్య మేకల దొడ్డి కాచుకునేవాళ్లకు .223, 1:8 లేదా 1:9, 18 నుంచి 20 అంగుళాల బ్యారెల్, 50 నుంచి 55 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ లాంటి బుల్లెట్. అక్కడ కొయోటీ వంద గజాల లోపే కనబడుతుంది, ఇంతకు మించి ఏది కొన్నా వృథా. మొదటి రైఫిల్ కొనేవాళ్లు ఎక్కడున్నా ఇదే తీసుకోండి.

కాన్సాస్, నెబ్రాస్కా, డకోటాలు, వ్యోమింగ్ లాంటి బయలు నేలల్లో మూడు వందల గజాల షాట్లు వస్తాయి, గాలి ఆగదు. అక్కడికి .243. తోలు పాడు కాకూడదనుకుంటే .204, గాలి మరీ ఎక్కువున్న రోజున ఇంట్లో కూర్చోవడానికి సిద్ధపడి. .22-250ని నేను వద్దనను. కానీ కొత్తగా కొంటే 1:8 లేదా 1:9 ట్విస్ట్‌ది తీసుకుని, దానికి తగ్గ గట్టి తొడుగున్న బుల్లెట్లే వాడండి. తాతల నాటి 1:14 ఇంట్లో ఉంటే 50, 55 గ్రెయిన్లు వేసి వాడుకోండి, అది ఆ పని చాలా బాగా చేస్తుంది.

ఇంటికొచ్చాక

ముందు బ్యారెల్ చెక్కకు గానీ ప్లాస్టిక్ స్టాక్‌కు గానీ ఎక్కడా తగలడం లేదని చూడండి. ఒక డాలరు నోటు మడిచి బ్యారెల్ కింద పెట్టి వెనక్కి జరుపుతూ వెళ్తే ఎక్కడా అడ్డుపడకూడదు. అడ్డుపడితే వేడికో, ఊతకర్ర ఒత్తిడికో గురి మారుతుంది.

తర్వాత మూడు నాలుగు రకాల తూటాలు ఒక్కో రకం రెండు పెట్టెలు కొని కాల్చి చూడండి. మూడు గుళ్లు ఒకదాని పక్కన ఒకటి పడితే సంబరపడిపోకండి, అది అదృష్టం కూడా కావచ్చు. ఒక్కో రకం పదేసి గుళ్లు, బ్యారెల్‌ను చల్లారనిస్తూ కాలిస్తే నిజం తెలుస్తుంది. ఒకే బరువు, ఒకే తరహా బుల్లెట్ అయినా రెండు కంపెనీల తూటాలు ఒకే బ్యారెల్‌లో వేరువేరుగా కాలతాయి. దానికి కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా బాగా కాలినదాన్ని ఎంచుకోండి.

కొయోటీ విషయంలో పది గుళ్ల గ్రూపు కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది: చల్లటి బ్యారెల్‌లోంచి వెళ్లే మొదటి గుండు. వేటలో మీకు దొరికేది అదొక్కటే. బాగా తుడిచిన బ్యారెల్‌లోంచి వెళ్లే తొలి గుండు చాలా రైఫిళ్లలో వేరే చోట పడుతుంది. అందుకే తుడిచిన తర్వాత రెండు మూడు గుళ్లు కాల్చి అలాగే వేటకు తీసుకెళ్తారు. మీ రైఫిల్ సంగతి తెలుసుకోవాలంటే రేంజికి వెళ్లిన ప్రతిసారీ మొదటి గుండు మాత్రం ఒకే కాగితం మీద కాల్చండి. ఆ కాగితం దాచి, తర్వాత వెళ్లినప్పుడు మళ్లీ అదే పెట్టండి. కొన్ని నెలలకు అందులో కనబడే చిల్లుల గుంపే మీ అసలు గురి.

వేసవిలో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో చేసిన జీరో జనవరి పొద్దున 20 డిగ్రీల చలిలో నిలవకపోవచ్చు. చలికి మందు నెమ్మదిగా మండి వేగం తగ్గుతుంది. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు హాడ్జన్ వార్‌గెట్ లాంటి, వాతావరణానికి అంతగా మారని మందు వాడతారు. ఫ్యాక్టరీ తూటాలు వాడేవాళ్లకు ఉన్న మార్గం ఒక్కటే, చలి మొదలయ్యాక ఒకసారి రేంజికి వెళ్లి చూసుకోవడం.

నచ్చిన తూటా తేలాక పెట్టె మీద లాట్ నంబరు చూసి, అదే నంబరున్న పెట్టెలు సీజన్‌కు సరిపడా ఒకేసారి కొనేయండి. లాట్ మారితే మందు మోతాదు, వేగం కొద్దిగా మారొచ్చు. కొత్త లాట్ పెట్టె తెరిచిన రోజు వేటకు వెళ్లకండి. ముందు వంద గజాల దగ్గర ఐదు గుళ్లు కాల్చి, జీరో అక్కడే ఉందో జరిగిందో చూసుకోండి.